షీల్డ్ ఫెర్న్, వుడ్ ఫెర్న్: అడవిలో చూసి సరిగ్గా గుర్తుపట్టే పద్ధతి

న్యూజెర్సీలో శనివారం నడకలకు వచ్చే మనవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "ఫెర్న్‌లన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" నిలబడి పైనుంచి చూస్తే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని, కాడ మొదలు చూసి, ఆకు వెనక్కి తిప్పి చూస్తే తెలుస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ రెండు పనుల గురించే.

ఉదాహరణలన్నీ అమెరికా తూర్పు వైపు అడవుల నుంచి ఇస్తున్నాను. నేను నేర్చుకున్నది అక్కడే. పద్ధతి మాత్రం హిమాలయాల్లో అయినా, ఇంగ్లండ్‌లో అయినా ఇదే.

## 1. ముందుగా పేర్ల గందరగోళం వదిలించుకోండి

షీల్డ్ ఫెర్న్ అంటే పాలిస్టికమ్ ప్రజాతి (ప్రజాతి అంటే దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు). వుడ్ ఫెర్న్ అంటే డ్రయాప్టెరిస్ ప్రజాతి. చిక్కేమిటంటే, అమెరికా పాత పుస్తకాల్లో డ్రయాప్టెరిస్ మొక్కల్ని కూడా షీల్డ్ ఫెర్న్ అనే రాశారు. అందుకే ఇద్దరు ఒకే మొక్క ముందు నిలబడి రెండు పేర్లు చెబుతుంటారు, ఇద్దరిదీ తప్పు కాదు. నోట్సులో శాస్త్రీయ నామమే రాసుకోండి, గొడవ ఉండదు.

మొక్క భాగాలకు ఈ వ్యాసంలో వాడే మాటలు ఇవి:

- ఆకు: నేలలోంచి పైకి వచ్చిన మొత్తం భాగం. మనకు కొమ్మలా కనిపించేదంతా ఒకే ఆకు.
- కాడ: ఆకులో కింది బోడి భాగం.
- నడి ఈనె: కాడ పైకి కొనసాగి ఆకు మధ్యలో నడిచేది.
- రెమ్మలు: ఈనెకు రెండు పక్కలా వచ్చేవి.
- రేకులు: రెమ్మ మళ్లీ చీలితే వచ్చే చిన్న భాగాలు.
- సోరై: ఆకు వెనక చుక్కల్లా కనిపించే సిద్ధబీజాశయాల గుంపులు, అంటే విత్తనాల బదులు ఫెర్న్‌కు ఉండే సిద్ధబీజాల పొడి సంచులు. ఒక్కటైతే సోరస్.
- ఇండూజియం: సోరస్ మీద కప్పిన పల్చటి పొర.

చివరి రెండూ బాగా గుర్తుపెట్టుకోండి.

## 2. బయలుదేరే ముందు

జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. అప్పుడు సోరై తయారై ఉంటాయి, ఇండూజియం ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. సెప్టెంబర్ దాటాక ఆ పొర ఎండి ముడుచుకుపోతుంది, ఆకారం తేల్చడం కష్టం.

తీసుకెళ్లాల్సినవి:

- పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం. ఇది లేకపోతే సగం పని జరగదు.
- చిన్న స్కేలు, పెన్సిలు, నోటుబుక్కు
- వెనక పెట్టి ఫోటో తీయడానికి తెల్ల అట్టముక్క
- మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత గోనెసంచో, ప్లాస్టిక్ షీటో
- ఫుల్ ప్యాంటు, పొడుగు సాక్సులు. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి.

సాక్సుల మాట తేలిగ్గా తీసుకోకండి. ఈ అడవుల్లో జింకల మీద ఉండే పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో వెతుక్కోవాలి. పిల్లల్ని మీరే చూడండి. తాకితే దద్దుర్లు వచ్చే, ఒక కాడకు మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగ ఎలా ఉంటుందో కూడా ముందే ఫోటోలో చూసుకుని వెళ్లండి. ఫెర్న్ చూసే హడావుడిలో దాని మీద కూర్చున్నవాళ్లను చూశాను.

నేషనల్ పార్కుల్లో మొక్కలు తవ్వడం, కోయడం నిషేధం. ఇక్కడ చెప్పే ఏ పనికీ మొక్కను కోయాల్సిన అవసరం లేదు.

## 3. మొదటి అడుగు: మొక్క నిలబడ్డ చోటు చూడండి

ఆకు దగ్గరికి వెళ్లకముందే ఆగండి. చుట్టూ చూడండి. నేల వాలుగా ఉందా, పల్లంగా ఉందా? రాళ్లున్నాయా? అడుగు వేస్తే చెప్పులోకి నీళ్లు ఊరుతున్నాయా? సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

రాళ్లున్న వాలు, నీళ్లు నిలవని నేల. ఇక్కడ రెండు మొక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి క్రిస్మస్ ఫెర్న్, అంటే పాలిస్టికమ్ అక్రోస్టికాయిడిస్. రెండోది మార్జినల్ వుడ్ ఫెర్న్, అంటే డ్రయాప్టెరిస్ మార్జినాలిస్. మొదటిది మట్టి వాలుల మీద కూడా హాయిగా ఉంటుంది. రెండోదానికి రాళ్లంటే మరీ ఇష్టం, బండల సందుల్లో మట్టి కాస్త చేరితే చాలు.

చల్లటి, తేమగా ఉండే నీడ. హెమ్లాక్ అనే సూదాకుల చెట్ల కింద, వాగుల పక్క, పాత దుంగలు కుళ్లిన చోట డ్రయాప్టెరిస్ ఇంటర్మీడియా ఉంటుంది. ఇక్కడి నుంచి ఈ ప్రాంతపు వుడ్ ఫెర్న్‌ల పేర్లలో డ్రయాప్టెరిస్ వదిలేసి రెండో మాటే రాస్తాను.

చిత్తడి, బురద. కార్తూసియానా చిత్తడి అంచుల్లో ఉంటుంది. క్రిస్టాటా ఇంకా లోపలికి వెళ్లి, నీళ్ల మధ్య చెట్ల మొదళ్ల చుట్టూ ఏర్పడ్డ దిబ్బల మీద నిలబడుతుంది. కాళ్లు తడవకుండా ఇలాంటి చోటు చూడాలంటే న్యూజెర్సీలోని గ్రేట్ స్వాంప్‌లో చెక్క వంతెనల బాట ఉంది, పిల్లలతో కూడా వెళ్లొచ్చు.

లోతైన లోయ, నల్లటి సారవంతమైన మట్టి. ఇక్కడ అదృష్టం బాగుంటే గోల్డియానా కనిపిస్తుంది. ఈ ప్రాంతపు వుడ్ ఫెర్న్‌లలో ఇదే పెద్దది, ఆకు 120 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

చోటు చూసి పేరు ఖాయం చేయకండి. ఏ పేర్లు సాధ్యమో మాత్రం రాసుకోండి.

## 4. రెండో అడుగు: గుత్తా, పరుపా?

షీల్డ్, వుడ్ ఫెర్న్‌లు రెండూ సాధారణంగా గుత్తిగా పెరుగుతాయి. ఒకే మొదలు నుంచి ఆకులు చుట్టూ లేచి, పూలకుండీలో పెట్టినట్టు వాలి ఉంటాయి.

అలా కాకుండా ఎక్కడ చూసినా ఒక్కో ఆకే లేచి, నేలంతా ఆకుపచ్చ పరుపులా ఉంటే అది వేరే ఫెర్న్. ఇక్కడ చాలాసార్లు హే-సెంటెడ్ ఫెర్న్ అయి ఉంటుంది. జింకలు దాన్ని పెద్దగా ముట్టవు, మిగతా మొక్కల్ని మేసేస్తాయి. అందుకే అడవులు అడవులే దానితో నిండిపోతున్నాయి. ఆకు నలిపి వాసన చూస్తే ఎండుగడ్డి వాసన వస్తుంది.

## 5. మూడో అడుగు: కాడ మొదలు

ఎండుటాకులు చేత్తో మెల్లగా పక్కకు తొలగించి కాడ కింది భాగం చూడండి. గోధుమ రంగు పొలుసులు, ఉల్లిపొర ముక్కల్లాంటివి, దట్టంగా ఉన్నాయా? ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. పొలుసులు లేకుండా మెత్తటి వెంట్రుకలు గానీ, దూదిలాంటి నూగు గానీ ఉంటే ఈ రెండు ప్రజాతులూ కావు.

- మార్జినాలిస్: బంగారు గోధుమ రంగు పొలుసులు, గుత్తి మొదట్లో కుచ్చులా
- గోల్డియానా: నలుపుకు దగ్గరగా ఉండే ముదురు పొలుసులు, అంచు లేత రంగు
- క్రిస్మస్ ఫెర్న్: కాడంతా పొలుసులు, ఈనె మీదికి కూడా పాకుతాయి

వీటిలాగే గుత్తిగా కనిపించే వేరే ప్రజాతి లేడీ ఫెర్న్‌తో అనుమానం వస్తే ఒక చిట్కా ఉంది. కింద విరిగి పడిన పాత ఆకు కాడ మొదలు అడ్డంగా చూడండి. లేడీ ఫెర్న్‌లో నాళాల చుక్కలు రెండే, పెద్దవి ఉంటాయి. వుడ్, షీల్డ్ ఫెర్న్‌లలో చిన్న చుక్కలు చాలా ఉండి, వంపుగా పేర్చినట్టుంటాయి. దీని కోసం బతికున్న ఆకును మాత్రం తుంచకండి.

## 6. నాలుగో అడుగు: ఆకు ఎన్నిసార్లు చీలింది?

వంటింట్లో రోజూ చూసే రెమ్మలతోనే పోల్చుకోండి.

కరివేపాకు రెమ్మ లాంటిది: ఈనెకు రెండు పక్కలా రెమ్మలు, అవి మళ్లీ చీలవు. క్రిస్మస్ ఫెర్న్ ఇలా ఉంటుంది. ప్రతి రెమ్మ మొదట్లో, పైవైపున, చిన్న చెవి లాంటి ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది. రెమ్మను విడిగా ఊహించుకుంటే పిల్లల మేజోడులా కనిపిస్తుంది. ఆ చెవి ఉంటే ఇక్కడి అడవుల్లో దాదాపు పని అయిపోయినట్టే.

మునగాకు లాంటిది: రెమ్మలు చీలి, రేకులు మళ్లీ చీలి, లేస్ అల్లినట్టుంటుంది. ఇంటర్మీడియా, కార్తూసియానా ఇలా ఉంటాయి.

ఈ రెంటికీ మధ్య: మార్జినాలిస్, గోల్డియానా. మార్జినాలిస్ ఆకు దళసరిగా, తోలులా, కొద్దిగా నీలి ఛాయతో ఉంటుంది. గోల్డియానా ఆకు చాలా వెడల్పు, కొస దగ్గర ఒక్కసారిగా సన్నబడుతుంది.

క్రిస్టాటాకు ఒక వింత అలవాటు. నిటారుగా లేచిన ఆకుల్లో రెమ్మలు ఈనె చుట్టూ మెలిక తిరిగి నేలకు సమాంతరంగా పడుకుంటాయి. పక్క నుంచి చూస్తే కిటికీ బ్లైండ్స్ తెరిచినట్టుంటుంది. మరే ఫెర్న్‌లోనూ నేను ఇంత స్పష్టంగా చూడలేదు.

## 7. ఐదో అడుగు: ఆకు వెనక్కి తిప్పండి

అసలు తీర్పు ఇక్కడే. భూతద్దం కంటికి ఆనించి పట్టుకోండి. ఆకునే మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. భూతద్దం ఆకు దగ్గర పెట్టి మీరు దూరంగా ఉంటే ఏమీ కనిపించదు.

సోరై మీద పొర ఆకారం చూడండి:

- గుండ్రంగా, మధ్యలో కాడతో అతికిన గొడుగులా ఉంటే పాలిస్టికమ్, అంటే షీల్డ్ ఫెర్న్. డాలు ఆకారం వల్లే ఆ పేరు.
- జీడిపప్పులా, ఒక పక్క నొక్కు ఉండి, ఆ నొక్కు దగ్గర అతికి ఉంటే డ్రయాప్టెరిస్, అంటే వుడ్ ఫెర్న్.
- పొడవుగా, కామాలా వంగి ఉంటే లేడీ ఫెర్న్.
- చుక్క గుండ్రంగా ఉండి పొరే లేకపోతే, బండ మీద పాకుతుంటే, అది పాలిపోడి అనే వేరే ఫెర్న్. దాని రెమ్మలకు చెవి ఉండదు, ఈనె దాకా పూర్తిగా తెగి కూడా ఉండవు.

తర్వాత సోరై ఎక్కడున్నాయో చూడండి.

- రేకు అంచునే వరసగా: మార్జినాలిస్. పేరులోనే ఉంది, తప్పు పోదు.
- రేకు నడి ఈనెకు దగ్గరగా: గోల్డియానా
- అంచుకూ ఈనెకూ మధ్యలో: ఇంటర్మీడియా, కార్తూసియానా
- ఆకు పైభాగంలోని రెమ్మల్లోనే, ఆ రెమ్మలు కూడా చిన్నవైపోయి: క్రిస్మస్ ఫెర్న్

క్రిస్మస్ ఫెర్న్‌లో వేసవి ముదిరేకొద్దీ సోరై ఒకదానిలో ఒకటి కలిసిపోయి వెనకంతా గోధుమ రంగు వెల్వెట్ గుడ్డలా అవుతుంది. కొత్తవాళ్లు దాన్ని తెగులనుకుంటారు. తెగులు కాదు, సిద్ధబీజాలు పండాయన్నమాట.

## 8. కష్టమైన జంట: ఇంటర్మీడియా, కార్తూసియానా

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ జంటే. మొదటి రెండేళ్లు నేను కార్తూసియానా అని రాసుకున్నవాటిలో చాలా వరకు ఇంటర్మీడియాలే. ఫోటోల్లో ఆకు పైభాగమే తీశాను, కింది రెమ్మ ఒక్కదాంట్లోనూ సరిగ్గా లేదు. మళ్లీ అన్ని చోట్లకూ వెళ్లాల్సి వచ్చింది.

ఇలా చేయండి:

1. ఆకులో అన్నిటికంటే కింది జత రెమ్మల్లో ఒకటి తీసుకోండి.
2. ఆ రెమ్మలో కిందివైపుకు వేలాడే రేకుల్లో, నడి ఈనెకు ఆనుకుని ఉన్న మొదటి రేకు చూడండి.
3. దాని పక్కనే ఉన్న రెండో రేకుతో పోల్చండి.
4. మొదటిది పొట్టిగా గానీ సమానంగా గానీ ఉంటే ఇంటర్మీడియా. మొదటిదే పొడవైతే కార్తూసియానా.
5. ఒక్క ఆకుతో తేల్చకండి. అదే గుత్తిలో కనీసం మూడు ఆకులు కొలవండి.

రెండో పరీక్షకు భూతద్దం కావాలి. ఇంటర్మీడియా ఈనె మీద, ఇండూజియం మీద గుండుసూది తలల్లాంటి బుల్లి గ్రంథులుంటాయి. వెలుతురు పక్క నుంచి పడేలా ఆకు వంచితే తళుక్కుమంటాయి. కార్తూసియానాకు అవి ఉండవు. లేత ఆకులో బాగా కనిపిస్తాయి, ముదిరాక రాలిపోతాయి.

మూడోది చలికాలపు పరీక్ష. డిసెంబర్‌లో వెళ్లండి. ఇంటర్మీడియా ఇంకా పచ్చగా ఉంటుంది, కార్తూసియానా ఎండి పడిపోయి ఉంటుంది.

## 9. గుర్తులు కలవకపోతే

రేకు పొడవు ఒక పేరు చెబుతుంది, గ్రంథులు ఇంకో పేరు చెబుతాయి. ఇలా జరిగితే మీ కంటి తప్పే అనుకోనక్కర్లేదు. వుడ్ ఫెర్న్‌లు తమలో తాము తేలిగ్గా సంకరమవుతాయి. ఇంటర్మీడియా, కార్తూసియానాల సంకరానికి ట్రిప్లాయిడియా అని, ఇంటర్మీడియా, క్రిస్టాటాల సంకరానికి బూటియై అని పేర్లున్నాయి.

అసలు కార్తూసియానాయే పాత సంకరం నుంచి పుట్టిన జాతి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఇంటర్మీడియా. రెండోది బతికి ఉండగా ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, అంతరించిపోయి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందుకే ఆ రెండూ అంత దగ్గరగా కనిపిస్తాయి.

సంకరం అనుకుంటే చూడాల్సినవి:

- చుట్టుపక్కల రెండు తల్లి జాతులూ ఉన్నాయా?
- గుత్తి పక్కవాటికంటే ఏపుగా ఉందా?
- పండిన సోరస్‌లోంచి రాలిన పొడి ఒకే సైజు గింజలుగా ఉందా, ముడుచుకుపోయిన చెత్తలా ఉందా? సంకరాల్లో సిద్ధబీజాలు సాధారణంగా చెడిపోయి ఉంటాయి. ఇది తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి.

అంత దూరం వెళ్లలేకపోతే "డ్రయాప్టెరిస్, జాతి తేలలేదు" అని రాయండి. అది నిజాయితీగల నోటు. బలవంతంగా పేరు పెట్టినదానికంటే ఎంతో పనికొస్తుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

సోరై లేని లేత మొక్కకు పేరు పెట్టడం. పక్కనే పెద్ద గుత్తి వెతకండి. లేకపోతే ప్రజాతి దగ్గరే ఆగండి.

యాప్ చెప్పిన పేరు అలాగే రాసేయడం. పైనుంచి తీసిన ఒక్క ఫోటో ఇస్తే యాప్ కూడా ఊహించడమే చేస్తుంది. వెనక భాగం, కాడ మొదలు, కింది రెమ్మ ఫోటోలు ఇచ్చి, తర్వాత మీ గుర్తులతో సరిచూడండి.

ఇండూజియం ఎండిపోయాక వెళ్లడం. అదే గుత్తిలో ఆలస్యంగా విచ్చిన ఆకు వెతకండి, ఒక్కోసారి దొరుకుతుంది. లేకపోతే వచ్చే జులైకి చోటు గుర్తుపెట్టుకోండి.

న్యూయార్క్ ఫెర్న్‌ని వుడ్ ఫెర్న్ అనుకోవడం. ఆకు రెండు కొసలూ సన్నబడి, కింది రెమ్మలు చిట్టివైపోతే అది న్యూయార్క్ ఫెర్న్.

చుట్టుకున్న లేత మొగ్గలు కూరకు కోయడం. ఇది చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ తినేది ఆస్ట్రిచ్ ఫెర్న్ మొగ్గలు, అవి కూడా బాగా ఉడికించాకే. వుడ్ ఫెర్న్ మొగ్గలు తినకండి. ఈ ప్రజాతికే చెందిన మేల్ ఫెర్న్‌ను ఒకప్పుడు కడుపులో బద్దెపురుగుకు మందుగా ఇచ్చేవారు, మోతాదు ఎక్కువైతే విషం.

## 11. ఫోటోలు, నోట్సు

ప్రతి మొక్కకూ ఇదే వరస పాటించండి:

- [ ] చోటు మొత్తం
- [ ] గుత్తి మొత్తం
- [ ] ఒక ఆకు పూర్తిగా, వెనక తెల్ల అట్టతో
- [ ] కాడ మొదలు, పొలుసులు
- [ ] అన్నిటికంటే కింది రెమ్మ, స్కేలుతో
- [ ] ఆకు వెనక, సోరై దగ్గరగా
- [ ] తేదీ, నేల తడి, వాలు ఏ దిక్కుకు ఉంది

ఫోన్‌తో సోరై ఫోటో తీయడానికి భూతద్దాన్ని కెమెరా మీద ఆనించి పట్టుకోండి. చెయ్యి వణికితే మోచేయి నేల మీద ఆనించండి.

గోల్డియానా లాంటి అరుదైనది దొరికితే కచ్చితమైన లొకేషన్ నలుగురిలో పెట్టకండి. తవ్వుకుపోయేవాళ్లుంటారు.

## 12. చలికాలంలో ఒకసారి, ఇండియాలో ఒకసారి

మంచు పడ్డ తర్వాత తప్పకుండా వెళ్లండి. మిగతా ఫెర్న్‌లు చాలావరకు పోతాయి, వెతకాల్సిన పని తగ్గిపోతుంది. క్రిస్మస్ ఫెర్న్, మార్జినాలిస్, ఇంటర్మీడియా మూడూ పచ్చగా ఉంటాయి. క్రిస్మస్ ఫెర్న్ ఆకులు మాత్రం నిలబడి ఉండవు, కాడ మొదట్లో వంగి నేలకు అతుక్కుని ఉంటాయి. మొక్క చచ్చిపోయిందని లాగకండి. చలికాలంలో దాని పద్ధతే అది. వసంతంలో వెండి రంగు పొలుసులతో కొత్త ఆకులు చుట్ట విప్పుకుంటూ లేచేదాకా ఆ పాత ఆకులే దానికి ఆధారం.

సెలవులకు ఇండియా వెళ్లి ముస్సోరీ, నైనితాల్ వైపు తిరిగితే ఓక్ అడవుల్లో పాలిస్టికమ్ స్క్వారోసమ్ కనిపిస్తుంది. గట్టి మెరిసే ఆకు, ముల్లులాంటి కొసలు. ఇంకా పైకి వెళితే నల్లటి పొలుసులతో డ్రయాప్టెరిస్ వాలిచియానా ఉంటుంది. దక్షిణాది కొండల్లో చూడదగ్గది డ్రయాప్టెరిస్ కాక్లియాటా. దానికి రెండు రకాల ఆకులు: సోరై లేని ఆకు వెడల్పు, సోరై ఉన్న ఆకు సన్న రెమ్మలతో విడిగా. కాబట్టి అక్కడ ఒక్క ఆకు చూసి వచ్చేయకుండా, అదే మొదలు నుంచి వచ్చిన రెండో రకం ఆకు కోసం కూడా వెతకండి.